కూర్చున్న కొలతలు

ఆ ఎండాకాలం మొదట్లో, చొక్కా కుడతానని చెప్పి మా వదిన కొలతలు తీసుకున్నాను. వదిన కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. కిందటి వానల్లో వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆమె ఎడమకాలి సత్తువ కూడా పట్టుకుపోయింది. అప్పటినుంచి ఆ కుర్చీయే ఆమెకు ఇల్లూ వాకిలీ. భుజం నుంచి మణికట్టు దాకా టేపు పరిచాను, ఊరుకుంది. అరచెయ్యి వెడల్పూ, వేళ్ళ పొడుగూ కొలిచాను, కనుబొమ్మ ఎత్తింది. తుంటి నుంచి మోకాలికి, మోకాలి నుంచి మడమకు టేపు దింపేసరికి ఇక ఆగలేకపోయింది.

"ఏమే టేపూ, చొక్కా మడమల దాకా కుడతావా?"

ఆ పేరు ఆమె పెట్టిందే. నేను లారీల సీట్లకు తొడుగులు, సరుకు మీద కప్పే టార్పాలిన్లు కుట్టేదాన్ని. మెడలో టేపు తియ్యకుండానే భోజనానికి కూర్చుంటానని అలా పిలిచేది. ఇప్పుడు అందరూ పొడుగు చొక్కాలే తొడుగుతున్నారని ఏదో గొణిగాను. అబద్ధమాడితే నా చెవులు ఎర్రబడతాయి. వదిన నా చెవులకేసి ఓసారి చూసి, మళ్ళీ కిటికీ వైపు తల తిప్పుకుంది. మునుపటి వదినైతే నాచేత అసలు సంగతి కక్కించకుండా వదిలేది కాదు. అంత తేలిగ్గా వదిలేసినందుకే నాకు దుఃఖం వచ్చింది.

అసలు సంగతి ఇంటి వెనక షెడ్డులో ఉంది. వదిన ట్రక్కు డ్రైవరు. కొండల పైనున్న పల్లెలకు రోడ్డు లేదు, ఏటి లోపలి రాళ్ళమీదుగా ఎక్కిపోవలసిందే. పిండి బస్తాలు, గ్యాసు బండలు, మందుల పెట్టెలు, ఏవైనా సరే, ఆ దారిన పైకి చేర్చేది ఆమె. బండి సైన్యంవాళ్ళు వదిలించుకున్న పాత ట్రక్కు. నాలుగు చక్రాలూ లాగే రకం. దాన్ని వదిన "పెద్దాయన" అనేది. పెద్దాయన లేచారా, పెద్దాయన నీళ్ళు తాగారా అని మా అన్నను అడిగేది. మా అన్న మెకానిక్కు. వీధంతా ఆయన్ను మేస్త్రీ అంటారు, వదిన కూడా అదే అంటుంది, కాకపోతే ఆమె అన్నప్పుడు అందులో కాస్త ఎకసెక్కం ఉంటుంది.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజునే ఆమె బండి అమ్మేయమంది. తన కళ్ళపడకుండా అమ్మాలనీ, షెడ్డు వైపు తనను పిలవొద్దనీ చెప్పింది. అన్న సరేనన్నాడు. కాస్త మరమ్మతు చేసి అమ్ముతానన్నాడు. నన్ను షెడ్డులోకి తీసుకెళ్ళి మాత్రం, అమ్మేదీ లేదు గిమ్మేదీ లేదు, మీ వదిన ఎడమకాలితో పని లేకుండా నడిపేలా దీన్ని మార్చబోతున్నానని చెప్పాడు. డిపో మేనేజరుకు అప్పటికే మాటిచ్చి వచ్చాడట. జబ్బు చేసి ఏడాది నిండేలోపల ఒక్కసారి వదిన తానే నడుపుతూ నిండు బరువుతో పైకి వెళ్ళి రావాలి. వస్తే ఆ దారి ఆమెది. లేకపోతే వేరే బండివాళ్ళకు ఇచ్చేస్తారు. వదినను ఒక మాట అడగాలి కదా అన్నాను. అడిగితే వద్దంటుంది, అందుకే అడగలేదన్నాడు.

అలా నేను కొలతల దొంగనయ్యాను.

కిందటి వరదకు ఏట్లోకి కొత్త బండరాళ్ళు దొర్లుకొచ్చాయి. పాత ఎత్తుతో పోతే బండి పొట్ట రాసుకుంటుందని పైనుంచి వచ్చినవాళ్ళంతా చెప్పారు. అన్న ఇరుసుల మీద బరువు మోసే కమాను పట్టీలు విప్పి, మందమైనవి వేసి, వాటి కింద ఇనుప దిమ్మెలు బిగించాడు. నా రొమ్ము దాకా వచ్చే టైర్లు తెచ్చాడు. అవి పట్టక చక్రాల పైనున్న రేకు కోసేశాడు. గాలి పీల్చే గొట్టాన్ని నీళ్ళు అందకుండా కప్పు దాకా లేపాడు. ముందు బంపరుకు ఇనుప తాడు చుట్టుకునే వించి తగిలించాడు, ఇరుక్కుంటే తనను తానే లాక్కుంటుందని. ఇంత చేసి బండి కదిపితే కింద ఏదో మూలగడం మొదలైంది. ఎత్తు పెరిగేసరికి ఇరుసుకు తిప్పు అందించే షాఫ్టు ఏటవాలుగా పడి, దాని జాయింటు ఒప్పుకోవడం లేదు. అన్న బండి కింద పడుకుని దాంతో మాట్లాడేవాడు. నీ బాధేమిటో చెప్పు నాయనా, నేనున్నాను కదా అనేవాడు. వదినతో అలా మాట్లాడొచ్చు కదా అని నాకు నోటిదాకా వచ్చేది. ఆ మాటలు ఆమెతో అనలేకే దాంతో అంటున్నాడని తర్వాత తెలిసింది.

ఆ మూలుగు ఆగాక, ఎడమకాలితో తొక్కాల్సిన క్లచ్చిని గేరు రాడ్డు మీదికి తెచ్చాడు. స్కూటరుకు ఉండేలాంటి పిడి, నొక్కి పట్టుకుని అదే చేత్తో గేరు మార్చేలా. మొదట అది నా రెండు చేతులకూ లొంగలేదు. బ్రేకుకు ఉండే బూస్టరు డబ్బాలాంటిది ఒకటి దానికీ తగిలించాక మెత్తబడింది. వదిన చేతిలో ఎంత బలముందో కనుక్కురమ్మన్నాడు. నేను తడిపిన టార్పాలిన్ గుడ్డ ఒకటి తీసుకెళ్ళి, నా చేతులు నొప్పిగా ఉన్నాయి, కాస్త పిండి పెట్టమన్నాను. వదిన దాన్ని ఎవరి మీదో కసి తీర్చుకున్నట్టు చుక్క మిగలకుండా పిండింది. చేతులకేం ఢోకా లేదని షెడ్డుకు కబురు మోశాను.

సీటు నేనే చేశాను. ఎడమ పక్క కాలు జారిపోకుండా గట్టు, నడుముకు ఆనేలా దిండు, తొడ కింద కోత పెట్టని అంచు. అన్నీ వదిన కొలతలకే. నా చేతి మీద నాకు కొంచెం గర్వం ఉంది, దాచుకోను. బండి సిద్ధమయ్యాక అన్న తన ఎడమకాలిని సీటుకు కట్టెయ్యమన్నాడు. అలవాటుగా కాలు క్లచ్చి కోసం వెతుక్కుంటే అది పరీక్ష ఎలా అవుతుందన్నాడు. నేను సీటు బెల్టు పట్టీతో బిగించి కట్టాను. వెనక ఖాళీ స్థలంలో గుంటలూ మిట్టలూ ఎక్కి దిగి, చెమటలు కక్కుకుంటూ వచ్చి ఆపాడు. ముఖం వెలిగిపోతోంది. కిందికి దూకబోయి, కట్లు మరిచిపోయి, తలుపులోంచి తలకిందులుగా వేలాడాడు. ఇద్దరం నవ్వి నవ్వి అలిసిపోయాం. అప్పుడైనా మాకు తట్టాల్సింది, తట్టలేదు.

మర్నాడు సాయంత్రం ఎండ తగ్గాక వదినకు నిజం చెప్పేశాం. ఆమె ముఖం ఎర్రబడింది. తన కాలు తనకు లేదని అందరికీ తెలుసు, దాన్ని బండికి కూడా తెలియజెయ్యాలా అంది. అయినా చేతికర్ర తీసుకుని లేచింది. షెడ్డు తలుపు దగ్గర ఆగి, లోపలికి రాకుండా చాలాసేపు చూసింది. తర్వాత నెమ్మదిగా వచ్చి ముందు జాలీ మీద అరచెయ్యి పెట్టింది.

"పెద్దాయన పొడుగయ్యారే."

అన్నకు ఆ మాట చాలు. ఇక నోరు మూయలేదు. కమాన్ల గురించి, షాఫ్టు గురించి, బూస్టరు గురించి ఊపిరాడకుండా చెప్పాడు. టైరు మీద కాలేసి ఒక్క ఊపులో పైకెక్కి, పిడి నొక్కి చూపించాడు. నేను కుట్టిన సీటును నాకంటే ఎక్కువగా పొగిడాడు. కిందికి దూకి, తలుపు బార్లా తెరిచి పట్టుకుని, ఎక్కు అన్నాడు.

వదిన తలుపు ముందు నిలబడింది. బండి అడుగు ఆమె గుండెల ఎత్తున ఉంది. సీటు ఆమె తల పైన ఉంది.

అన్న చెయ్యి తలుపు మీద అలాగే ఉండిపోయింది. నేను మెడలోని టేపును వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాను. దర్జీదాన్ని నేను, బండి కట్టేవాడు ఆయన. ఆమె శరీరంలో మేం కొలవని చోటు లేదు. నేల నుంచి సీటు దాకా ఎంతుందో మాత్రం ఇద్దరిలో ఒక్కరమూ చూడలేదు.

"మీరిద్దరూ నన్ను కూర్చోబెట్టే కొలిచారు," అంది వదిన.

కోపంగా అనలేదు. అనేసి, పెదవి బిగబట్టి, ఇక పట్టలేక నవ్వేసింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో నాకు గుర్తు లేదు. అన్న మాత్రం నవ్వలేదు. ముందుకొచ్చి, తాను ఎత్తి కూర్చోబెడతానన్నాడు, అదెంత పని అన్నాడు.

"ఇక్కడ నువ్వు ఎత్తుతావు. ఏటి మధ్యలో దిగాల్సొస్తే ఎవరు దించుతారు? ఇంకోళ్ళు ఎత్తి పెడితే ఎక్కేది సరుకు, మేస్త్రీ. డ్రైవరు కాదు."

ఆమె కర్ర చప్పుడు చేసుకుంటూ ఇంట్లోకి వెళ్ళిపోయింది. అన్న టైరుకు ఆనుకుని కింద చతికిలబడ్డాడు. చీకటి పడేదాకా అలాగే కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఆ తప్పులో సగం నాది.

తెల్లవారి నేను షెడ్డుకు వెళ్ళేసరికి ఆయన జాకీ పెట్టి కమాన్ల కింది దిమ్మెలు విప్పుతున్నాడు. దించేస్తాడట. దించితే ఏట్లో రాళ్ళు తగులుతాయి కదా అంటే వినిపించుకోలేదు. అప్పుడు వెనక కర్ర చప్పుడైంది. వదిన ఎవరూ పిలవకుండా తనంతట తనే వచ్చింది. బోర్లించిన పెట్టె మీద కూర్చుని, కర్రతో అన్న బూటును తట్టింది.

"కమాన్లు ముట్టుకోకు."

"దించితే నువ్వు ఎక్కగలవు," అన్నాడు అన్న, బండి కిందనుంచే.

"నేను ఎక్కుతాను, పెద్దాయన ఏరెక్కరు. ఆయన ఎత్తు ఆయనకుండనీ. నా తిప్పలేమిటో నన్నడుగు. ఇన్నాళ్ళూ నా గురించి అందర్నీ అడిగావు, టేపుని కూడా అడిగావు. నన్నడగలేదు."

అన్న పాక్కుంటూ బయటికొచ్చాడు. ముఖమంతా గ్రీజు. ఆమె ముందు నేలమీద కూర్చుని, చెప్పు అన్నాడు. ఆ రెండక్షరాలు ఆయన నోట ఎంత మెత్తగా వచ్చాయంటే, నాకక్కడ పని లేదనిపించి కుట్టుమిషను దగ్గరికి వెళ్ళిపోయాను. దారం లేకుండానే కాసేపు మిషను తొక్కాను.

ఆ రోజు నుంచి షెడ్డులో ముగ్గురమయ్యాం. ఆసుపత్రిలో మెట్లెక్కడం నేర్పారట ఆమెకు. బాగున్న కాలు ముందు పైకి, బాగాలేనిది దాని పక్కకి. మళ్ళీ బాగున్నది పైకి. అంటే ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ పక్కపక్కన పట్టాలి, చేతులకు గట్టి పట్టు ఉండాలి. మొదటి మెట్టు నేలకు దగ్గరగా ఉండాలి. నేలకు దగ్గరగా ఉన్నదేదైనా ఏట్లో రాయి తగిలి ఊడిపోతుంది. దీనికి నేనొక ఉపాయం చెప్పాను. గట్టి పట్టీలు కుట్టి మెట్టును వేలాడదీస్తే రాయి తగిలినా వంగుతుంది కదా అని. వేలాడదీశాం. వదిన కాలు పెట్టగానే అది ఉయ్యాలలా బండి కిందికి పోయింది, ఆమె నుదురు తలుపుకు కొట్టుకుంది. నా తెలివి మీద ఆమె చాలా రోజులు ఎకసెక్కాలాడింది.

చివరికి ఆమె చెప్పినట్టే చేశాడు అన్న. మడత బందులతో ఇనుప నిచ్చెన, వెడల్పు మెట్లు. ఎక్కి కూర్చున్నాక లోపలి పట్టీ లాగితే నిచ్చెన పైకి మడుచుకుని తలుపు కింద కొక్కేనికి తగులుకుంటుంది. ఆ పట్టీ మాత్రం నేను కుట్టిందే. అద్దం పక్కన ఒక పిడి, తలుపు వెనక ఒక పిడి. ఎక్కడ వెయ్యాలో ఆమె చెయ్యి చాచి చూపిస్తే అక్కడ సుద్దతో గీసి వెల్డింగు చేశాడు. కర్ర పెట్టుకోవడానికి సీటు పక్కన గొట్టం వేశాడు. అది కూడా కొలిచి వెయ్యబోతుంటే వదిన కర్ర ఆయన చేతికిచ్చి, దీన్నే పెట్టి చూసుకో, నీ కొలతలు నేను నమ్మను అంది.

ఎక్కడం తేలిగ్గా రాలేదు. రోజూ పొద్దున్నే మొదలుపెట్టేది. వెనక నిలబడొద్దని నన్ను తరిమేది. వెనక ఎవరైనా ఉన్నారని తెలిస్తే చేతులు సోమరులైపోతాయంది. ఒకసారి పై మెట్టు దాకా వెళ్ళి, కుడికాలు జారి, మోచెయ్యి కొట్టుకుంటూ నేలమీద పడింది. నేను పరిగెత్తబోయాను. ఆమె పడుకున్నచోటి నుంచే చెయ్యెత్తి ఆపింది. బానెట్టు వెనక అన్న ఉన్నాడు. స్పానరు చప్పుడు ఆగిపోయింది. ఆయన బయటికి రాలేదు. నేను అటు వెళ్ళి చూస్తే, ఇంజను మీద రెండు చేతులూ ఆనించి, తల దించుకుని నిలబడ్డాడు.

"లేచిందా?" అన్నాడు నెమ్మదిగా.

లేచిందని చెప్పాను. మళ్ళీ నిచ్చెన పట్టుకుందని చెప్పాను. ఆయన తలూపి, స్పానరు తీసుకుని, అప్పటికే బిగించిన బోల్టునే మళ్ళీ బిగించాడు. మా అన్న వదినను ఎంత ప్రేమించాడో నాకు తెలిసింది ఆ బోల్టు దగ్గరే.

ఆమె మొదటిసారి తనంతట తాను ఎక్కి కూర్చున్న రోజు పెద్ద హడావిడేమీ జరగలేదు. అన్న టైరుకు గాలి పడుతున్నాడు, నేను పట్టీకి రెండో కుట్టు వేస్తున్నాను. తలుపు మూసిన చప్పుడైతే ఇద్దరం తలెత్తి చూశాం. వదిన పైన కూర్చుని స్టీరింగు మీద చేతులు వేసి ఉంది. సీటులో అటూ ఇటూ కదిలి, నడుం దగ్గర బాగానే కుదిరింది గానీ నా చొక్కా ఏదే అని అడిగింది. నేను ఏడుస్తూ, గుడ్డ కొనలేదని నిజం చెప్పాను.

తర్వాత రోజుల్లో ఆమె బండి నడపడం, అన్న మరమ్మతు చెయ్యడం, ఇద్దరూ వాదించుకోవడం. క్లచ్చి పిడి ఒక వేలంత దగ్గరగా కావాలంది, జరిపాడు. ఎడమ వెనక చక్రం దగ్గర కిర్రుమంటోందంటే కాదన్నాడు, విప్పితే బుష్షు అరిగి ఉంది. ఆ పూటంతా వదిన ఈల వేస్తూ తిరిగింది. ఇంట్లో కిటికీ పక్కన కుర్చీ మీద నేను టార్పాలిన్లు పెట్టుకోవడం మొదలుపెట్టాను.

డిపోవాళ్ళు పెట్టిన పరీక్ష రోజుకు కొండల మీద మబ్బు పట్టింది. డిపోలో బస్తాలెక్కించారు. వదిన నిచ్చెన ఎక్కుతుంటే లోడింగువాళ్ళు పని ఆపి చూశారు. మేనేజరు వాళ్ళ మీద కేకలేసి, తాను కూడా అవతలికి ముఖం తిప్పుకుని నిలబడ్డాడు. అందుకే ఆయన మంచివాడంటాను. అన్న పక్కన కూర్చుని వెళ్దామనుకున్నాడు. వదిన వద్దంది. నువ్వు పక్కనుంటే నేను రోడ్డు చూడను, నీ ముఖం చూస్తానంది. బస్తాలు దించే మనిషి ఒకడు పక్క సీట్లోకి ఎగబాకాడు. నిచ్చెన పైకి మడుచుకుంది. బండి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి కొండల వైపు ఉరిమింది. పైన వాన పడితే ఇక్కడ చుక్క లేకపోయినా ఏరు పెరుగుతుంది. ఫోను చేస్తే అందడం లేదు. అన్న షెడ్డు ముందు నిలబడి, బండిలో ఏయే భాగం ఎక్కడ తెగొచ్చో, తెగితే ఏం చెయ్యాలో ఒక్కొక్కటీ పైకే చెప్పుకుంటున్నాడు. ట్రాక్టరు అడిగి తెచ్చుకుని ఎదురెళ్తానన్నాడు. నేను గేటుకు అడ్డం నిలబడ్డాను. వెళ్తే ఆమె నిన్ను క్షమించదు అన్నాను. ఆగిపోయాడు.

"బండి మీద నాకు అనుమానం లేదు. ఆమె మీదా లేదు. మరి నాకెందుకే ఇలా ఉంది?" అన్నాడు.

నాకూ అలాగే ఉందని చెప్పాను. ఇద్దరం గడప మీద కూర్చున్నాం. వాన మా వీధిలోకీ వచ్చింది. పెద్ద పెద్ద చినుకులు పడి, దుమ్ము వాసన లేచింది.

పొద్దు వాలుతుండగా వెనక సందులో హారను మోగింది. అన్న చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. పెద్దాయన కిటికీల దాకా బురద. దించే మనిషిని డిపో దగ్గరే దించేసిందట, బండిలో వదిన ఒక్కతే ఉంది. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి ఉన్నాయి. సరుకంతా చేర్చాననీ, దిగేటప్పుడు ఏరు ఇరుసుల దాకా వచ్చిందనీ, వానలు తగ్గుముఖం పట్టగానే ఆ దారి మనదేనని మేనేజరు చెప్పాడనీ వరసగా చెప్పింది. అన్న ఆమెను దించుకోవడానికి రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. ఆమె నిచ్చెన దించలేదు.

"అటు నుంచి ఎక్కు, మేస్త్రీ."

"ఎక్కడికి?"

"ఎక్కడికైతే ఏం, నేను తీసుకెళ్తాను."

అన్న చుట్టూ తిరిగి అవతలి తలుపు దగ్గరికి వెళ్ళాడు. ఆ వైపు నిచ్చెన పెట్టాలని ఎవరికీ తోచలేదు. ఎప్పట్లాగే టైరు మీద కాలేశాడు, బురదకు జారి కింద నిలబడ్డాడు. మళ్ళీ వేశాడు, మళ్ళీ జారాడు. వానలో తడుస్తూ, తలెత్తి ఆమెను చూస్తూ ఉండిపోయాడు. వదిన సీటు మీదుగా అటు జరిగి, ఒక చేత్తో పిడి పట్టుకుని, రెండో చెయ్యి కిందికి చాచింది. అన్న ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఆమె ఒక్క గుంజు గుంజితే పైకి వచ్చి పడ్డాడు.

తలుపు మూసుకుంది. అద్దంలోంచి నాకు కనిపిస్తూనే ఉంది, అన్న ముఖం దాచుకోకుండా ఏడుస్తున్నాడు. వదిన తన చోటికి జరిగి, ఆయనకేసి చూడకుండా, పిడి నొక్కి గేరు వేసింది.